ఆర్టీసీ విలీనం: జీతం సరే, యూనియన్ సంగతి ఏమిటి?

ప్రశ్న: నేను తెలంగాణలో ఒక ఆర్టీసీ డిపో గ్యారేజీలో మెకానిక్‌ని. 2023లో మమ్మల్ని ప్రభుత్వ ఉద్యోగులుగా తీసుకునే విలీనం చట్టం చేశారు, రెండేళ్లు దాటినా అపాయింటెడ్ డే (అది అమలయ్యే తేదీ) ప్రకటించలేదు. అది వస్తే మా జీతం, పెన్షన్ ఎలా ఉంటాయి? యూనియన్ ఉంటుందా, పోతుందా? ఆంధ్రాలో మీరు ముందే చూశారు కదా, ఇప్పుడు మేం ఏం చేయాలి?

జవాబు:

బ్రదర్, జీతం గురించి మరీ టెన్షన్ పడొద్దు. విలీనమైనా విభజనైనా, ఆ రోజుకు చేతికొస్తున్న జీతం తగ్గకుండా చూడటం ప్రభుత్వాలకు అలవాటే. అలా చేయకపోతే మొదటి నెలలోనే గొడవ లేస్తుందని వాళ్లకు తెలుసు. మీరు కంగారు పడాల్సింది వేరే రెండు విషయాల గురించి. తర్వాతి జీతం పెంపు ఎవరు, ఎక్కడ కూర్చుని తేలుస్తారు? మీ చేతికి ఛార్జ్‌షీట్ వస్తే దాన్ని పట్టుకుని ఎక్కడికి వెళ్తారు? శాఖలు మారినప్పుడు కార్మికుడికి జరిగే అసలు నష్టం ఈ రెండు చోట్లే. ఆ నష్టం జీతం స్లిప్పులో కనబడదు కాబట్టి చాలా ఏళ్ల వరకు ఎవరూ పట్టించుకోరు.

నేను ఆంధ్రాలో డిపో స్థాయి యూనియన్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎంక్వైరీల్లో కార్మికుల పక్కన కూర్చోవడమే ఎక్కువగా చేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

ఆంధ్రాలో 2019లో ఆంజనేయరెడ్డి కమిటీ వేశారు, డిసెంబర్‌లో అసెంబ్లీలో చట్టం చేశారు, 2020 జనవరి 1 నుంచి సుమారు 52 వేల మంది ప్రజా రవాణా శాఖ ఉద్యోగులయ్యారు. కార్పొరేషన్ మాత్రం రద్దు కాలేదు. బస్సులు, డిపోలు, స్థలాలు, అప్పులు కార్పొరేషన్ కిందే ఉండిపోయాయి. మనుషులు మాత్రమే ప్రభుత్వంలోకి వెళ్లారు. మీ 2023 చట్టం కూడా 43,373 మంది ఉద్యోగులను తీసుకోవడానికి చేసిందే, సంస్థను కలుపుకోవడానికి చేసింది కాదు. అందుకే 'ఆర్టీసీ విలీనం' అని మనం వాడే మాట కొంచెం దారి తప్పిస్తుంది. అపాయింటెడ్ డే తర్వాత కూడా మీకు డ్యూటీ వేసేది అదే డిపో మేనేజర్. కానీ మీ సర్వీసు నిబంధనలు రాసేది సచివాలయంలో ఆర్థిక శాఖ. మీరు కూర్చుని మాట్లాడగలిగే అధికారి చేతిలో నిర్ణయం ఉండదు. నిర్ణయం చేసే అధికారి మీతో కూర్చోవాల్సిన అవసరం ఉండదు.

లాభాలు లేవని నేను అనడం లేదు. 2019లో మీరు అక్టోబర్ 5 నుంచి నవంబర్ 25 వరకు సమ్మె చేశారు, విలీనమే మొదటి డిమాండ్. సెప్టెంబర్‌లో పనిచేసిన జీతం కోసం కూడా హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. అలాంటి దెబ్బ తిన్నవాళ్లు ట్రెజరీ జీతం కోరుకోవడంలో తప్పేముంది? ఆంధ్రాలో రిటైర్మెంట్ వయసు 58 నుంచి 60కి, ఆ తర్వాత 62కి పెరిగింది. మీకు ఇప్పుడు 60. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగులకు 61 కాబట్టి అక్కడ ఒక ఏడాది కలిసొస్తుంది. నష్టాల పేరు చెప్పి డిపో మూసేస్తారేమో, ఉద్యోగం ఊడుతుందేమో అన్న భయం తగ్గుతుంది. ఇంట్లోవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇక జీతం పెంపు దగ్గరకు వద్దాం. కార్పొరేషన్‌లో పే స్కేళ్ల సవరణ ఎలా జరిగేదో మీకు తెలుసు. గుర్తింపు యూనియన్ (కార్మికుల ఓటుతో గెలిచి అందరి తరఫున బేరమాడేది), యాజమాన్యం ఎదురెదురుగా కూర్చునేవి. కుదిరితే పారిశ్రామిక వివాదాల చట్టం కింద సెటిల్‌మెంట్ మీద సంతకాలు పడేవి. అది చట్టం గుర్తించే కాగితం, ఉల్లంఘిస్తే నేరం. 2015 మేలో ఎనిమిది రోజులు బస్సులు ఆగాక ఆంధ్రాలో 43 శాతం, తెలంగాణలో 44 శాతం ఫిట్‌మెంట్ (కొత్త స్కేలులో మూల వేతనం మీద కలిపే పెంపు) వచ్చింది. ఆ అంకెలు ఏ కమిటీ రిపోర్టులోనో పుట్టినవి కావు, బేరంలో తేలినవి.

ప్రభుత్వ ఉద్యోగికి అలాంటి సెటిల్‌మెంట్ ఉండదు. పీఆర్సీ (వేతన సవరణ సంఘం) వేస్తారు, అది సిఫార్సు చేస్తుంది, ప్రభుత్వం తనకు తోచినంత ఇస్తుంది. 2022 జనవరిలో ఆంధ్రాలో 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్న ఉద్యోగులకు 23 శాతం ఫిట్‌మెంట్ ప్రకటించారు. ఫిబ్రవరి 3న విజయవాడ రోడ్లన్నీ ఉద్యోగులతో నిండిపోయాయి. రెండు రోజుల తర్వాత చర్చల్లో కొన్ని అలవెన్సులు సర్దుబాటు చేశారు కానీ ఫిట్‌మెంట్ 23 దగ్గరే ఆగింది. కొత్తగా ప్రభుత్వంలోకి వచ్చిన ఆర్టీసీ వాళ్లూ ఆ స్కేళ్లలోకే వెళ్లారు. రాష్ట్రంలోని ఉద్యోగ సంఘాలన్నీ కలిసినా కదలని అంకెను ఒక్క రవాణా శాఖ సంఘం కదిలించగలదా?

అయితే విలీనం కాకుండా ఉండిపోతే పాత బలం అలాగే ఉంటుందనుకోవడం కూడా సరికాదు. మీ దగ్గర గుర్తింపు ఎన్నికలు చివరిసారి జరిగింది 2016లో. 2019 సమ్మె తర్వాత యూనియన్లను పక్కనపెట్టి వెల్ఫేర్ కమిటీలు పెట్టారు. 2017 నుంచి రావాల్సిన పే స్కేళ్లకు 21 శాతం ఫిట్‌మెంట్ 2024 మార్చిలో ప్రకటించారు. ఏడేళ్లు! కార్పొరేషన్ ఉంది, చట్టం ఉంది, కానీ ఎదురుగా కూర్చునే గుర్తింపు యూనియన్ లేదు. శాఖ మారకుండానే ఆ హక్కు మీ చేతిలోంచి సగం జారిపోయింది. ఆంధ్రావాళ్ల కంటే మీ పరిస్థితి కష్టంగా ఉన్నది ఇక్కడే.

చట్టంలో దాగిన ఒక మెలిక చెబుతాను, దీన్ని మీ డిపోలో నలుగురికీ వివరించండి. ఫ్యాక్టరీలోనైనా కార్పొరేషన్‌లోనైనా పనిగంటలు, అలవెన్సులు, సెలవులు లాంటివి కార్మికుడికి నష్టం కలిగేలా మార్చాలంటే యాజమాన్యం 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో అది 9ఏ సెక్షన్. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ నోటీసు ఉంది. కానీ రెండింటిలోనూ ఒక మినహాయింపు ఉంది: ప్రభుత్వోద్యోగుల సర్వీసును, క్రమశిక్షణను నడిపే ఫండమెంటల్ రూల్స్, సివిల్ సర్వీసుల సీసీఏ రూల్స్ లాంటివి వర్తించే ఉద్యోగులకు ఆ నోటీసు అక్కర్లేదు. అంటే ప్రభుత్వ రూల్స్ మీకు వర్తించిన రోజు నుంచి, మార్పు జరిగిపోయాక జీవో చూసి తెలుసుకోవడమే. ప్రభుత్వోద్యోగం కాంట్రాక్టుగా మొదలైనా ఆ తర్వాత అది ఒక హోదా అని, షరతులను ప్రభుత్వం ఏకపక్షంగా మార్చవచ్చని సుప్రీంకోర్టు 1967లోనే రోషన్‌లాల్ టాండన్ కేసులో చెప్పింది. ఆ తీర్పు మీద ఇప్పటికీ ఆధారపడుతున్నారు.

ఛార్జ్‌షీట్ సంగతి నాకు ఇంకా దగ్గరిది. నేను చూసిన ఒక కేసు చెబుతాను. కండక్టర్ ఇద్దరు ప్రయాణికుల దగ్గర డబ్బు తీసుకుని టికెట్ ఇవ్వలేదని చెకింగ్‌లో రిపోర్టు రాశారు. బస్సు కిక్కిరిసి ఉంది. ఎక్కిన స్టేజీకి, చెకింగ్ జరిగిన చోటుకి మధ్య పెద్ద దూరం లేదు. బ్యాగులో డబ్బు లెక్కకు సరిపోయింది. ప్రయాణికుల స్టేట్‌మెంట్ రిపోర్టుతో పాటు జత చేశారు కానీ ఎంక్వైరీకి వాళ్లలో ఒక్కరూ రాలేదు. అయినా సర్వీసు నుంచి తొలగించారు, అప్పీలు, రివ్యూ అన్నీ కొట్టేశారు. ఆయన లేబర్ కోర్టుకు వెళ్లారు. అక్కడ జడ్జి సాక్ష్యం మొదటి నుంచి చదివారు, బ్యాగు లెక్క చూశారు, శిక్ష ఎక్కువైందన్నారు. పాత బకాయిలు లేకుండా, సర్వీసు కొనసాగింపుతో తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమన్నారు. పదిహేనేళ్ల సర్వీసు మిగిలింది, పిల్లల చదువు మిగిలింది.

సాక్ష్యాన్ని మళ్లీ తూచి శిక్ష తగ్గించే అధికారం లేబర్ కోర్టుకు పాత చట్టంలోని 11ఏ సెక్షన్ ఇచ్చింది. తొలగించిన కార్మికుడు యూనియన్ అనుమతి, ప్రభుత్వ రిఫరెన్స్ (కేసును ప్రభుత్వమే కోర్టుకు పంపడం) ఏవీ లేకుండా నేరుగా వెళ్లే దారి కూడా ఉంది. ప్రభుత్వోద్యోగికి మామూలుగా ఆ కోర్టు ఉండదు. రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ లేదు కాబట్టి మిగిలేది హైకోర్టులో రిట్. అక్కడ ఎంక్వైరీ పద్ధతి ప్రకారం జరిగిందా, కనీస ఆధారమైనా ఉందా అని చూస్తారు తప్ప సాక్ష్యాన్ని మళ్లీ తూచరు. రాజ్యాంగం 311వ అధికరణ రక్షణ కొత్తగా వస్తుంది, నిజమే. కానీ అది ఎంక్వైరీ జరగాలని చెబుతుంది. ఎంక్వైరీ జరిగాక వచ్చిన కఠినమైన శిక్షను తగ్గించదు. డ్రైవర్లకు, కండక్టర్లకు ఈ తేడా బతుకుతెరువుకు సంబంధించినది. మీలాంటి గ్యారేజీ వాళ్లకు బ్రేక్‌డౌన్ కేసులు, స్పేర్ పార్టుల రికవరీలు ఉంటాయి కదా, అవీ ఇదే దారిలో వెళ్తాయి. మీ బిల్లు గవర్నర్ దగ్గర ఆగినప్పుడు అడిగిన వివరణల్లో పారిశ్రామిక, కార్మిక చట్టాల రక్షణ ఏమవుతుందన్న ప్రశ్న కూడా ఉంది. ఆ ప్రశ్న యూనియన్ల నుంచి ఇంకా గట్టిగా రావాల్సింది.

అయితే ప్రభుత్వంలోకి వెళ్తే కార్మిక చట్టం ఆటోమేటిగ్గా పోతుందని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. ప్రభుత్వం నడిపినంత మాత్రాన ఒక పని పరిశ్రమ కాకుండా పోదని 1978లో బెంగళూరు వాటర్ సప్లై కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బస్సులు నడపడం సార్వభౌమాధికార విధి కాదు. అన్నిటికంటే పెద్ద ఉదాహరణ మన కళ్ల ముందే ఉంది. రైల్వే పూర్తిగా కేంద్ర ప్రభుత్వ శాఖ. అయినా అక్కడ రహస్య బ్యాలెట్‌తో యూనియన్ గుర్తింపు ఎన్నికలు జరుగుతాయి, చివరిగా 2024 డిసెంబర్‌లో జరిగాయి. 1952 నుంచి శాశ్వత చర్చల యంత్రాంగం ఉంది, డివిజన్ స్థాయి నుంచి రైల్వే బోర్డు దాకా. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర పనిచేసే మీ స్నేహితుడికి ఉన్న ఓటు, బయట సిటీ బస్సు నడిపే వ్యక్తికి ఎందుకు ఉండకూడదు? ఇది అడగాల్సిన ప్రశ్న, చట్టపరంగా జవాబున్న ప్రశ్న. రాష్ట్ర ప్రభుత్వం తలుచుకుంటే రూల్స్‌లోనే రాయొచ్చు. రాయకపోతే మీ యూనియన్ 'ఉద్యోగుల సంఘం'గా మారి, గుర్తింపు కోసం సాధారణ పరిపాలన శాఖకు దరఖాస్తు పెట్టుకునే స్థితికి వస్తుంది. అప్పుడు మీ నాయకుణ్ణి మీ ఓటు కాదు, వాళ్ల గుర్తింపు ఉత్తర్వు నిలబెడుతుంది.

సమ్మె గురించి కూడా స్పష్టంగా ఉండండి. 2003లో తమిళనాడులో లక్షా 70 వేల మందికి పైగా ఉద్యోగులను సమ్మె చేశారని ఒక్కసారిగా తొలగించారు. ఆ కేసులోనే ప్రభుత్వ ఉద్యోగులకు సమ్మె చేసే ప్రాథమిక, చట్టబద్ధ, నైతిక హక్కు ఏదీ లేదని సుప్రీంకోర్టు అంది. చాలామందిని తర్వాత వెనక్కి తీసుకున్నారు, కానీ ఆ తీర్పు మిగిలింది. కార్మిక చట్టం కింద ఉన్నంత కాలం నోటీసు ఇచ్చి, కన్సిలియేషన్ (రాజీ చర్చల) గడువులు పాటించి సమ్మెకు వెళ్లే దారి ఇరుకుగానైనా ఉంటుంది. ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమాలైన కండక్ట్ రూల్స్ కింద ఆ దారి మూసుకుపోతుంది.

పెన్షన్ విషయంలో తేదీలే అన్నీ. ఆంధ్రాలో 2004 సెప్టెంబర్ 1 నుంచి ప్రభుత్వంలో చేరినవాళ్లకు పాత పెన్షన్ (ఉద్యోగి వాటా లేకుండా ప్రభుత్వమే ఇచ్చేది) లేదు. ముప్పై ఏళ్ల సర్వీసున్న ఆర్టీసీ డ్రైవర్ కూడా 2020లో ప్రభుత్వంలోకి 'వచ్చినవాడే' అయ్యాడు, పాత పెన్షన్ దక్కలేదు. విద్యుత్ బోర్డు ఉదాహరణ ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1999 ఫిబ్రవరి 1న బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడగొట్టే ముందు యూనియన్లు ప్రభుత్వంతో త్రైపాక్షిక ఒప్పందం చేసుకున్నాయి. అప్పటికి సర్వీసులో ఉన్నవాళ్ల పెన్షన్ భద్రంగా మిగిలింది. కానీ ఆ తేదీ నుంచి 2004 ఆగస్టు 31 వరకు చేరినవాళ్లు ఈపీఎఫ్‌లోకి వెళ్లారు. అదే కాలంలో ప్రభుత్వ శాఖల్లో చేరినవాళ్లకు పాత పెన్షన్ ఉంది, వీళ్లకు లేదు. ఈపీఎఫ్ నుంచి పాత పెన్షన్ ఉండే జీపీఎఫ్‌కి మార్చమని రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పటికీ అడుగుతున్నారు. ఒప్పందం రోజున గదిలో లేనివాళ్ల తరఫున ఎవరూ మాట్లాడకపోతే ఇలాగే జరుగుతుంది.

టెలికాం వాళ్లు ఇంకాస్త గట్టిగా నిలబడ్డారు. 2000 అక్టోబర్ 1న టెలికాం శాఖ సేవలు బీఎస్ఎన్ఎల్ అయ్యాయి. దానికి ముందు సెప్టెంబర్‌లో ఫెడరేషన్లు కలిసి సమ్మె చేశాయి. ఫలితంగా కేంద్ర పెన్షన్ రూల్స్‌లోనే 37ఏ అనే కొత్త రూల్ చేర్చి, శాఖ నుంచి వెళ్లినవాళ్లకు ప్రభుత్వమే పెన్షన్ ఇచ్చేలా రాయించుకున్నారు. తర్వాత కంపెనీ ఎంత నష్టపోయినా, 2020 జనవరిలో 78 వేల మందికి పైగా స్వచ్ఛంద పదవీ విరమణ (వీఆర్ఎస్) మీద వెళ్లినా ఆ పెన్షన్ ఆగలేదు. సభలో ఇచ్చిన హామీకీ రూల్‌లో రాసిన వాక్యానికీ తేడా అది.

పోస్టుల సమానత గురించి కూడా అడగండి. గ్యారేజీలో శ్రామిక్, మెకానిక్, లీడింగ్ హ్యాండ్ అనే వరస ప్రభుత్వ శాఖల్లో ఇలాగే ఉండదు. ఏ స్కేలుకు ఎవరిని సమానం చేస్తారన్నదే మీ తర్వాతి ప్రమోషన్లన్నిటినీ నిర్ణయిస్తుంది. తెలంగాణలో వీఆర్వో పోస్టులను 2020 సెప్టెంబర్‌లో రద్దు చేసి, దాదాపు రెండేళ్ల తర్వాత లాటరీ తీసి ఇతర శాఖలకు పంచారు. రెవెన్యూలో సీనియారిటీ ఉన్న మనిషి కొత్త శాఖలో ఎక్కడ నిలబడాలో తేలక కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. జీతం మాత్రం ఎవరికీ ఆగలేదు. అందుకే బయటివాళ్లకు అది సమస్యగా కనబడలేదు.

ఇప్పుడేం చేయాలి అని అడిగారు. అపాయింటెడ్ డే ఇంకా రాకపోవడాన్ని శాపంగా చూడకండి. బేరమాడే బలం ఉండేది ఆ తేదీ ముందే. ఆ రోజు దాటాక మీరు అడిగేవన్నీ వినతిపత్రాలే అవుతాయి. కాబట్టి యూనియన్లు విలీనం తేదీ ఒక్కటే అడగకుండా, సర్వీసు రూల్స్ ముసాయిదా ముందే బయటపెట్టమని అడగాలి. అందులో మూడు వాక్యాల కోసం పట్టుబట్టండి: గుర్తింపు రహస్య బ్యాలెట్‌తోనే జరగాలి, తొలగింపు కేసుల్లో పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు (కొత్త కోడ్‌లో లేబర్ కోర్టు స్థానంలో ఉన్నది) వెళ్లే హక్కు కొనసాగాలి, పెన్షన్ లెక్కకు కార్పొరేషన్‌లో చేరిన తేదీనే తీసుకోవాలి. మూడోది కష్టం, డబ్బుతో ముడిపడింది. మొదటి రెండింటికీ ఖజానాకు పెద్దగా ఖర్చు లేదు. ఖర్చు లేనిదాన్ని కూడా కాదంటే ఎందుకో వాళ్లే చెప్పాలి.

గ్రాట్యుటీ సంగతి చాలామందికి తెలియదు. చట్టం ప్రకారం కార్మికుడికి గరిష్ఠ పరిమితి 20 లక్షలు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు రెండు రాష్ట్రాల్లోనూ పే రివిజన్లో పెట్టింది 16 లక్షలు. రిటైర్మెంట్‌కు దగ్గర్లో ఉన్న సీనియర్లు ఏది ఎక్కువైతే అది ఇవ్వాలని రాయించుకోవాలి. పీఎఫ్ ట్రస్టు, సీసీఎస్ (ఉద్యోగుల పరపతి సహకార సంఘం), ఎస్‌ఆర్‌బీఎస్, ఎస్‌బీటీ లాంటి పొదుపు, రిటైర్మెంట్ నిధుల్లో ఎవరి డబ్బు ఎంత ఉందో ఆ తేదీకి లెక్క తేల్చి స్టేట్‌మెంట్ ఇవ్వమనండి. బ్రెడ్‌విన్నర్ స్కీమ్ (చనిపోయిన ఉద్యోగి ఇంట్లో ఒకరికి ఉద్యోగమిచ్చే పథకం) కింద పెండింగ్‌లో ఉన్న కుటుంబాల జాబితా కూడా. భర్త చనిపోయి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న ఆవిడను, విలీనం తర్వాత మీది పాత సంస్థ, మాకు సంబంధం లేదు అని తిప్పి పంపే అవకాశం ఇవ్వకూడదు.

మీ సొంతానికి ఒక పని. డిపోకు వెళ్లి మీ సర్వీసు రికార్డు చూడండి. చేరిన తేదీ, రెగ్యులరైజ్ అయిన తేదీ, క్యాజువల్‌గా చేసిన కాలం, పుట్టిన తేదీ, నామినీ, శిక్షల ఎంట్రీలు, కొట్టేసిన శిక్షలు నిజంగా కొట్టేసినట్టు నమోదయ్యాయా లేదా అన్నీ చదివి జెరాక్స్ తీసుకోండి. తప్పుంటే ఇప్పుడే రాతపూర్వకంగా ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. ఎవరైనా తొలగింపులో ఉంటే ఇంకా తొందరపడాలి. తొలగించిన కార్మికుడు నేరుగా వెళ్లడానికి పాత చట్టంలో మూడేళ్ల గడువు ఉండేది, కొత్త కోడ్‌లో అది రెండేళ్లే. విలీనం అయ్యాక చూద్దాంలే అని కూర్చున్నవాళ్లకు గడువు దాటిపోతుంది.

ఇంకొకటి, మీరు అడగలేదు కానీ నేను చెప్పాలి. అద్దె బస్సుల డ్రైవర్లు, ఔట్‌సోర్సింగ్ మీద బస్టాండ్లలో, గ్యారేజీల్లో పనిచేసేవాళ్లు ఈ చట్టం పరిధిలోకి రారు. రేపు మీరు కండక్ట్ రూల్స్ కిందకు వెళ్తే వాళ్లతో కలిసి ధర్నాలో కూర్చోవడం కూడా మీకు కష్టమవుతుంది. మీ పక్కన అదే బస్సు కింద పడుకుని అదే నట్టు బిగించే కుర్రాడికి మీ జీతంలో సగం కూడా రాదు. వాళ్ల కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ డిమాండ్లను మీ డిమాండ్ పత్రంలో ఇప్పుడే చేర్చండి. గేట్ మీటింగ్ పెట్టినప్పుడు వాళ్లలో ఒకరికి మైకు ఇవ్వండి.